మన్యం నుంచి జాలరిపేట దాకా: గర్భసంచి మూతి కేన్సర్ పరీక్షను ఆడవాళ్ల దగ్గరికి చేర్చడం ఎలా

గర్భాశయ ముఖద్వార కేన్సర్, ఊళ్లలో అనే మాటలో గర్భసంచి మూతి కేన్సర్, రాత్రికి రాత్రి వచ్చే జబ్బు కాదు. హెచ్‌పీవీ అనే వైరస్ ఒంట్లో చేరి, పోకుండా ఏళ్ల తరబడి ఉండిపోతే మూతి దగ్గరి కణాలు మెల్లగా మారతాయి. అది కేన్సర్‌గా మారడానికి మామూలుగా 10 నుంచి 20 ఏళ్లు పడుతుంది. అంత గడువు ఇచ్చే కేన్సర్లు తక్కువ. కొద్ది నిమిషాల పరీక్షతో మార్పును పట్టుకుని, ఇంకొన్ని నిమిషాల చికిత్సతో అక్కడికక్కడే ఆపేయవచ్చు. అయినా 2022లో మన దేశంలో సుమారు 1,27,000 మందికి ఈ కేన్సర్ కొత్తగా వచ్చిందని, దాదాపు 80,000 మంది చనిపోయారని ప్రపంచ ఆరోగ్య సంస్థ కేన్సర్ విభాగం అంచనా. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చూస్తే, 30 నుంచి 49 ఏళ్ల మహిళల్లో ఈ పరీక్ష ఒక్కసారైనా చేయించుకున్నవాళ్లు నూటికి ఇద్దరు కూడా లేరు.

ఈ వ్యాసం విశాఖలోనూ, ఎగువ మన్యంలోనూ పరీక్షా శిబిరాలు నడిపే ఏఎన్‌ఎంలకి, ఆశా కార్యకర్తలకి, డ్వాక్రా సంఘాలకి, స్వచ్ఛంద సంస్థలకి. ముంచంగిపుట్టు, పెదబయలు వైపు కోందు, పోర్జ, గదబ మహిళలు, నగరంలో జాలరి, వాడబలిజ కుటుంబాల వాళ్లు, పారిశుద్ధ్యం పని చేసే రెల్లి మహిళలు, వన్‌టౌన్ ముస్లిం మహిళలు, ఒడిశా నుంచి ఇటుక బట్టీలకి వచ్చే కూలీలు: వీళ్ల గురించి సమీక్ష జరిగిన ప్రతిసారీ “వాళ్లు రారండీ, అవగాహన లేదు” అనే మాట వినిపిస్తుంది. ఆ మాట సగం కూడా నిజం కాదు. పరీక్ష పెట్టిన వేళ వాళ్ల కూలికి అడ్డం వస్తుంది. చెప్పిన భాష వాళ్లది కాదు. పడుకోబెట్టిన గదికి తలుపు ఉండదు. తేడా ఉందని తేలితే తర్వాత ఏం చేయాలో ఎవరూ చెప్పరు. ఇంగ్లండ్‌లో 25 నుంచి 64 ఏళ్ల మహిళలకి పరీక్షకి రమ్మని ప్రభుత్వమే కబురు పంపుతుంది, పైసా ఖర్చు ఉండదు. అక్కడ కూడా దక్షిణాసియా కుటుంబాల మహిళలు, ఇతర మైనారిటీ జాతుల మహిళలు తక్కువగానే వెళ్తారు. అక్కడ బయటపడిన కారణాలూ ఇవే: సిగ్గు, భాష, మగ డాక్టరు ఉంటాడేమోనన్న బెరుకు, ఫలితం మీద భయం. ఉచితంగా పెట్టినంత మాత్రాన పరీక్ష మనిషికి అందినట్టు కాదు.

చివరి మెట్టు ముందు ఖాయం చేయండి

శిబిరం తేదీ వేయకముందే ఒక ప్రశ్నకి రాతపూర్వకంగా జవాబు ఉండాలి: తేడా కనిపించిన మహిళకి చికిత్స ఎక్కడ, ఏ రోజు, ఎవరు చేస్తారు? దీనికి జవాబు లేకపోతే శిబిరం పెట్టకండి. పాజిటివ్ అని చెప్పి, చీటీ చేతిలో పెట్టి “కేజీహెచ్‌కి వెళ్లమ్మా” అని పంపేస్తే ఆమె భయంతో ఇంటికి పోతుంది. నెల తర్వాత ఆ ఊళ్లో ఎవరూ పరీక్షకి రారు. మొదటి శిబిరానికి 30 మంది వచ్చి, రెండో శిబిరానికి ముగ్గురు వచ్చిన చోట ఆరా తీస్తే సాధారణంగా బయటపడేది ఇదే.

చికిత్స రెండు స్థాయుల్లో ఉంటుంది. కేన్సర్ కాకముందు దశలో ఉన్న మచ్చకి థర్మల్ అబ్లేషన్ చాలు. వేడి చేసిన చిన్న పరికరాన్ని మూతికి ఆనించి, సుమారు 100 డిగ్రీల దగ్గర 20 నుంచి 30 సెకన్లు ఉంచుతారు, అవసరమైతే పక్కన మరోసారి. మత్తు అక్కర్లేదు, అదే రోజు ఇంటికి వెళ్లవచ్చు. పరికరం బ్యాటరీతో పనిచేస్తుంది, చేతిలో పట్టుకునేంతే ఉంటుంది కాబట్టి శిక్షణ పొందిన డాక్టరుతో పాటు శిబిరానికే తీసుకెళ్లవచ్చు. కొండ మీది ఊళ్లకి ఇదే సరైన దారి: పరీక్ష, చికిత్స ఒకే రోజు, ఒకే చోట. అయితే మచ్చ మొత్తం కంటికి కనబడాలి, లోపలి కాలువలోకి పోకూడదు, మూతిలో నాలుగింట మూడు వంతులకి మించి పరుచుకుని ఉండకూడదు, కేన్సర్ అనుమానం అస్సలు ఉండకూడదు. వీటిలో ఒక్కటి కుదరకపోయినా ఆసుపత్రికే పంపాలి.

రెండో స్థాయి పెద్దాసుపత్రి. నగరంలో కింగ్ జార్జ్ ఆసుపత్రి (కేజీహెచ్), అగనంపూడిలో టాటా మెమోరియల్ సెంటర్ ఆధ్వర్యంలోని హోమీ భాభా కేన్సర్ ఆసుపత్రి ఉన్నాయి. ఆయా విభాగాల వాళ్లతో ముందే మాట్లాడి, వారంలో ఏ రోజు కాల్పోస్కోపీ (మూతిని పెద్దగా చూపే పరికరంతో పరీక్ష) చేస్తారో, ఎంతమందిని తీసుకోగలరో కనుక్కుని, మీ శిబిరం తేదీని దానికి రెండు మూడు రోజుల ముందు వేసుకోండి. ఏజెన్సీ రోగుల కోసం కేజీహెచ్‌లో ఎస్టీ సెల్ ఉంది. అక్కడి సిబ్బందికి పేర్ల జాబితా ముందే పంపితే ఓపీ చీటీ దగ్గర సగం రోజు వృథా కాదు.

వేళ కుదరాలి

ఎగువ మన్యంలో నవంబరు నుంచి జనవరి దాకా కాఫీ పళ్ల ఏరివేత, ఆ తర్వాత పసుపు, చింతపండు పనులు ఉంటాయి. జూలై, ఆగస్టుల్లో వరినాట్లు, పైగా వాగులు పొంగి దారులు తెగే కాలం. చైత్రంలో ఆదివాసీల ఇటుకల పండుగ రోజుల్లో ఊరంతా పండుగ మీదే ఉంటుంది. ఇవన్నీ పోగా మిగిలేవి వరికోతలకి ముందు కొన్ని వారాలు, పండుగ అయ్యాక మే నెల. సంత రోజున శిబిరం పెడితే జనం దొరుకుతారన్నది పాక్షికంగానే నిజం. సంతకి వచ్చిన మనిషి సరుకు అమ్ముకుని, కొనుక్కుని, జీపు వెళ్లిపోయేలోపు ఎక్కాలి. సంతలో మాట చెప్పి, బీపీ, షుగర్ చూసి, పేర్లు రాసుకోండి. లోపలి పరీక్ష మాత్రం ఊళ్లోనో, నడిచి రాగలిగినంత దూరంలోని ఉపకేంద్రంలోనో పెట్టండి.

నగరంలో జాలరి మహిళలు తెల్లవారకముందే ఫిషింగ్ హార్బరులో వేలం దగ్గర ఉంటారు. తట్ట నెత్తిన పెట్టుకుని వీధులు తిరిగి ఇల్లు చేరేసరికి మధ్యాహ్నమవుతుంది. ఉదయం 10 గంటలకి పెట్టిన శిబిరానికి వాళ్లు రావడం అసాధ్యం. మధ్యాహ్నం 2 నుంచి 5 వరకు పెట్టండి, అదీ పేటలోనే. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు వేట నిషేధం ఉంటుంది. ఆ రోజుల్లో తీరిక ఉంటుంది కానీ చేతిలో డబ్బు ఉండదు. ఆటో ఛార్జీ కూడా అడ్డమే అవుతుంది. రెల్లి మహిళలకి మస్తరు (హాజరు) వేళలు చూసుకుని, పని దిగాక, మస్తరు పాయింటుకి దగ్గర్లో పెట్టండి. ముస్లిం పేటల్లో శుక్రవారం మధ్యాహ్నం, రంజాన్ నెల వద్దు. ఉపవాసంలో లోపలి పరీక్ష చేయించుకోవడానికి చాలామంది ఇష్టపడరు, అడగడం కూడా ఇబ్బందే. ఇటుక బట్టీల్లో లెక్క ఇటుకల మీద ఉంటుంది కాబట్టి పూట పోతే జంటకి ఇద్దరి కూలీ తగ్గుతుంది. బట్టీ యజమానితో మీరే మాట్లాడి ఆ పూటకి కూలీ ఇప్పించాలి. ఆ బరువు ఆమె మీద పెట్టకూడదు.

ఎవరు పిలవాలి, ఏమని పిలవాలి

మైకు, ఫ్లెక్సీ పని చేయవు. “కేన్సర్ శిబిరం” అని బ్యానరు కడితే ఆ గుమ్మం దాటిన ప్రతి మహిళనీ ఊరు వేరే కళ్లతో చూస్తుంది. జాతీయ కార్యక్రమంలోనే 30 దాటినవాళ్లకి బీపీ, షుగర్, నోరు, రొమ్ము, గర్భాశయ ముఖద్వారం పరీక్షలన్నీ కలిపి చేయాలని ఉంది. ఆ ఏర్పాటు మనకి కలిసొస్తుంది. అన్నీ ఒకే చోట పెడితే లోపలికి వెళ్లినామె దేనికి వెళ్లిందో బయటివాళ్లకి తెలియదు.

పిలిచే మనిషి ఆ పేట, ఆ గూడెం మనిషే అయి ఉండాలి. వయసులో పెద్దది, నలుగురి కాన్పులకి తోడు వెళ్లినది, మాట బయటికి పోనివ్వనిది. డ్వాక్రా సంఘం లీడరే కావాలని లేదు. లీడరంటే అప్పు వాయిదాల లెక్క గుర్తొచ్చి దాటేసేవాళ్లు కొందరు ఉంటారు. ఎగువ మన్యంలో ఊరి నాటువైద్యుడైన దిశారిని కూడా ముందే కలవండి. తెల్లబట్ట, రక్తస్రావం లాంటివి మొదట చేరేది ఆయన చెవికే. “మీ వైద్యం మానమని చెప్పడానికి రాలేదు, ముట్లు ఆగిపోయాక రక్తం కనబడితే మా దగ్గరికి కూడా పంపండి” అని అడిగితే చాలామంది సరేనంటారు. ఆయన్ని పక్కనపెట్టి చేస్తే ఆయన అనే ఒక్క మాటతో ఊరు ఆగిపోతుంది.

భాష విషయంలో ఒక పొరపాటు తరచుగా జరుగుతుంది. కోందు మహిళ సంతలో తెలుగు మాట్లాడుతుంది కాబట్టి తెలుగు అర్థమవుతుందని అనుకుంటాం. ధర మాట్లాడే తెలుగు వేరు, ఒంటి లోపలి భాగాల గురించి వినే తెలుగు వేరు. కువి, ఆదివాసీ ఒడియా, గదబ, పోర్జ మాట్లాడే చోట ఆ భాషలో అలవాటుగా మాట్లాడే ఆడమనిషితో రెండు నిమిషాల మాట ఫోనులో రికార్డు చేయించండి. వరుసలో కూర్చున్నప్పుడు వినిపించండి. పదో తరగతి చదివిన కుర్రాణ్ని దుబాసీగా నిలబెట్టకండి, అతని ముందు ఆమె నోరు విప్పదు. కోడలికి అత్తగారిని, తల్లికి కొడుకుని కూడా దుబాసీగా పెట్టకూడదు.

చెప్పేది చిన్నగా ఉండాలి. ఉత్తరాంధ్ర పేటల్లో ఇలా మొదలుపెట్టవచ్చు: “అప్పా, ఇది ఆపరేషను కాదు. కోసేది లేదు, కుట్టేది లేదు, సూది లేదు. గర్భసంచి మూతి మీద దూదితో పుల్లటి నీళ్లు అద్ది ఒక నిమిషం ఆగి చూస్తాం. కొంచెం చురుక్కుమంటుంది. చూసేది ఆడమనిషే. వద్దనిపిస్తే మధ్యలో చెప్పు, ఆపేస్తాం.” వైరస్ గురించి అడిగితే దాచకండి. అయితే సుఖవ్యాధి అనే మాట వాడకండి, ఆ మాటతో సంసారాలు విరిగిపోతాయి. చాలామందికి ఎప్పుడో ఒకప్పుడు ఈ వైరస్ తగులుతుంది, ఎక్కువ మందిలో రెండేళ్లలోపే దానంతట అదే పోతుంది, ఎప్పుడు చేరిందో ఎవరూ చెప్పలేరు. కాబట్టి భర్త మీద గానీ భార్య మీద గానీ అనుమానానికి ఇది రుజువు కాదు. ఇది పూర్తిగా నిజం, పూర్తిగా చెప్పదగిన మాట.

“గర్భసంచి తీసేస్తారు” అన్న భయం

మన ప్రాంతంలో అన్నిటికన్నా బలమైన అడ్డంకి ఇది. తేలిగ్గా తీసుకోకండి, దీని వెనక అనుభవం ఉంది. కుటుంబ ఆరోగ్య సర్వేల్లో గర్భసంచి తీయించుకున్న మహిళల శాతం ఎక్కువగా ఉన్న రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ముందువరసలో ఉంటూ వస్తోంది. తెల్లబట్ట అవుతోందని వెళ్తే “ఉంచుకుంటే కేన్సర్ అవుతుంది” అని భయపెట్టి ఆపరేషను చేసిన కథ ప్రతి పేటలో ఒకటి దొరుకుతుంది. 35 ఏళ్లకే సంచి పోయి, నడుము నొప్పితో తట్ట ఎత్తలేకపోతున్న వదినను చూసిన మహిళ పరీక్షకి రాదు. ఆమె రాకపోవడంలో తెలివే ఉంది.

అందుకే మూడు సంగతులు విడివిడిగా చెప్పాలి. తెల్లబట్ట అయినంత మాత్రాన కేన్సర్ కాదు, ఎక్కువసార్లు అది మందులతో తగ్గే ఇన్ఫెక్షను. పరీక్షలో మచ్చ కనబడినా అది కేన్సర్ అని కాదు, మచ్చ కనబడిన వాళ్లలో కేన్సర్ ఉండేది కొద్దిమందికే. మచ్చకి చేసే చికిత్సలో సంచి అలాగే ఉంటుంది, కాన్పులకీ ముట్లకీ అడ్డం రాదు. చివరిగా, మీ శిబిరం నుంచి పంపిన మహిళకి వేరే ఎవరైనా సంచి తీయాలని చెబితే సరేననే ముందు మీకు ఫోను చేయమనండి. బయాప్సీ (చిన్న ముక్క తీసి చేసే పరీక్ష) రిపోర్టు లేకుండా కేన్సర్ పేరు చెప్పి తీసే ఆపరేషనుకి ఒప్పుకోనక్కర్లేదని స్పష్టంగా చెప్పండి.

ఇప్పటికే ఆపరేషను అయినవాళ్లని వట్టి మాట విని పంపేయకండి. డిశ్చార్జి కాగితం తెమ్మనండి. మూతితో సహా తీశారా, మూతి ఉంచేశారా అన్నది అందులో ఉంటుంది. మూతి ఉంటే పరీక్ష కావాలి. “కడుపు ఆపరేషను అయింది” అన్నది కుటుంబ నియంత్రణ ఆపరేషను కూడా కావచ్చు. ఆ పొరపాటుతో పరీక్ష తప్పిపోయేవాళ్లు తక్కువేమీ కాదు.

సంతకం ఎవరిది

2009 జూలైలో అప్పటి ఖమ్మం జిల్లాలో, భద్రాచలం లాంటి ఆదివాసీ ప్రాంతాలతో కలిపి, సుమారు 14,000 మంది బాలికలకి హెచ్‌పీవీ టీకా ప్రాజెక్టు మొదలైంది. కొందరు బాలికలు చనిపోయారన్న వార్తలతో 2010 ఏప్రిల్‌లో దాన్ని ఆపేశారు. ఆ మరణాలకి టీకా కారణమని విచారణలో తేలలేదు. కానీ చాలామంది పిల్లల సమ్మతి పత్రాల మీద తల్లిదండ్రుల బదులు హాస్టల్ వార్డెన్లు, ప్రధానోపాధ్యాయులు సంతకాలు పెట్టినట్టు బయటపడింది. పార్లమెంటరీ స్థాయీ సంఘం 2013లో దీన్ని తీవ్రంగా తప్పుపట్టింది. ఆ సంగతి ఏజెన్సీలో ఇంకా గుర్తుంది. “మా మీద ప్రయోగం చేస్తున్నారా” అని ఎవరైనా అడిగితే కోప్పడకండి, అది అడగవలసిన ప్రశ్న.

సమ్మతి ఆమె ఒక్కదానిదే. భర్త, సర్పంచి, సంఘం లీడరు ఎవరూ ఆమె బదులు ఒప్పుకోకూడదు. వేలిముద్ర వేయించే ముందు “ఇప్పుడు ఏం చేస్తామో నువ్వు నాకు చెప్పు” అని అడగండి. ఆమె తన మాటల్లో చెప్పగలిగితేనే ముద్ర. వద్దన్నామె బీపీ, షుగర్ కూడా చూసి, మందులిచ్చి, మర్యాదగా పంపండి. పరీక్ష చేయించుకోకపోతే పింఛను ఆగుతుందని, రేషను పోతుందని ఎవరైనా బెదిరిస్తే వెంటనే ఆపండి. అలా ఒకరోజు లెక్కలు పెరిగినా, దాని ఫలితం పదేళ్లు ఉంటుంది.

గది

గడియ పడే తలుపు, కిటికీకి మందపాటి గుడ్డ, బల్ల పాదాల వైపు గుమ్మం ఉండకుండా అమరిక, పక్కనే నీళ్లున్న మరుగుదొడ్డి. ఇవి లేని అంగన్‌వాడీ భవనం కన్నా ఊళ్లో ఒక మంచి ఇల్లు అడిగి తీసుకోవడమే నయం. లోపల ఇద్దరు ఆడవాళ్లే: పరీక్ష చేసేవాళ్లు ఒకరు, తల దగ్గర నిలబడి చెయ్యి పట్టుకునేవాళ్లు ఒకరు. ఫోన్లన్నీ బయట బుట్టలో వేయాలి, మీవి కూడా. అధికారులు, పత్రికలవాళ్లు ఫొటోలు తీయాలంటే మర్నాడు రమ్మనండి. చీర, లంగా, బురఖా విప్పించకండి. మోకాళ్ల దాకా ఎత్తుకుని, పైన దుప్పటి కప్పితే చాలు.

ఒక్క ఏఎన్‌ఎం నాలుగైదు గంటల్లో శ్రద్ధగా చూడగలిగేది 25 నుంచి 30 మందిని. మనిషికి పది నిమిషాలు లెక్క. వంద మందిని పిలిస్తే మొదట కుదించుకుపోయేది ఆ ఒక్క నిమిషం ఎదురుచూపే, తర్వాత పరికరాల శుద్ధి.

వీఐఏ: ద్రావణం, వెలుతురు, నిమిషం

జాతీయ మార్గదర్శకాల ప్రకారం 30 నుంచి 65 ఏళ్ల మహిళలకి అయిదేళ్లకోసారి వీఐఏ, అంటే మూతి మీద పలచని అసిటిక్ యాసిడ్ అద్ది కంటితో చూసే పరీక్ష, చేయాలి. గర్భిణులకి, కాన్పయి 12 వారాలు దాటనివాళ్లకి చేయకూడదు. ముట్టులో ఉన్నవాళ్లకి వేరే తేదీ ఇవ్వండి. ముట్లు ఆగిపోయినవాళ్లలో చూడవలసిన అంచు (రెండు రకాల కణాలు కలిసే చోటు) లోపలి కాలువలోకి వెళ్లిపోతుంది, అందుకని వీఐఏలో ఏమీ కనబడలేదన్నది వాళ్లకి నమ్మదగిన జవాబు కాదు. వాళ్లకి హెచ్‌పీవీ పరీక్షో, మూతి కణాలు గీకి తీసి ల్యాబులో చూసే పాప్ స్మియరో కావాలి. హెచ్‌ఐవీ ఉన్నవాళ్లలో ఈ జబ్బు త్వరగా ముదురుతుంది కాబట్టి వాళ్లకి 25 ఏళ్ల నుంచే, మూడు నుంచి అయిదేళ్లకోసారి చూడాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన.

కలయిక తర్వాత రక్తం, ముట్లు ఆగాక రక్తం, రక్తంతో కలిసిన దుర్వాసన స్రావం చెప్పినామెకి ఇది స్క్రీనింగ్ విషయం కాదు, నేరుగా డాక్టరు చూడాలి. అలాంటి మనిషికి వీఐఏ చేసి “నెగటివ్, భయం లేదు” అని పంపడం కన్నా పెద్ద హాని లేదు. లోపల చూడటానికి తెరిచి పట్టే పరికరం, స్పెక్యులమ్, పెట్టగానే పువ్వులా పెరిగిన కండ, తాకితే కారే రక్తం కనబడితే ఇక ముట్టుకోకుండా తీసేసి, ఆ రోజే పంపే ఏర్పాటు చేయండి.

5 శాతం ద్రావణానికి 95 మిల్లీలీటర్ల డిస్టిల్డ్ వాటర్‌లో 5 మిల్లీలీటర్ల గ్లేషియల్ అసిటిక్ యాసిడ్ కలపాలి. నీళ్లు ముందు, యాసిడ్ తర్వాత. పొద్దున్నే కలిపి, సాయంత్రం మిగిలింది పారబోయాలి. 30 మందికి 200 మిల్లీలీటర్లు సరిపోతాయి. కలపని యాసిడ్ సీసా పరీక్ష గదిలో ఉండనే కూడదు. రెండు సీసాలూ ఒకేలా ఉన్నప్పుడే ఒళ్లు కాలే ప్రమాదం జరుగుతుంది. కలిపిన సీసా మీద తేదీ, శాతం, కలిపినవాళ్ల పేరు రాసి, ముందు మీ చేతి మీద ఒక చుక్క వేసి చూసుకోండి. చురుక్కుమనకూడదు.

పసుపురంగు టార్చి వెలుతురులో తెల్లమచ్చ కనబడదు. తెల్లటి ఎల్‌ఈడీ లేదా హాలోజన్ దీపం, దానికో అదనపు బ్యాటరీ పట్టుకెళ్లండి, కొండ మీద కరెంటుని నమ్ముకోవద్దు. స్పెక్యులమ్ గోరువెచ్చటి నీళ్లలో ముంచి పెట్టండి. చలికాలం అరకు, పాడేరు వైపు చల్లటి ఇనుము తగిలితే ఒళ్లు బిగుసుకుపోతుంది, అప్పుడే నొప్పి. ఎక్కువ కాన్పులైనవాళ్లలో పక్క గోడలు లోపలికి వాలి మూతిని కప్పేస్తాయి. స్పెక్యులమ్‌కి కండోము తొడిగి కొన కత్తిరిస్తే గోడలు ఆగుతాయి.

మూతి కనబడ్డాక పొడి దూదితో జిగురు తుడిచి, ద్రావణంలో బాగా తడిపిన దూదిని మూతి మొత్తం ఆనేలా అద్దండి. గడియారం చూసి పూర్తిగా 60 సెకన్లు ఆగండి. మనసులో లెక్కపెడితే 20 సెకన్లకే నిమిషమైపోతుంది. రెండు రకాల కణాలు కలిసే అంచుని ఆనుకుని, గట్టి అంచులతో, దట్టంగా, సున్నం వేసినట్టు తెల్లబడితే పాజిటివ్. అంచుకి దూరంగా చుక్కలు, పలచగా మబ్బులా తెలుపు, చిన్న చిన్న తెల్లటి నీటిబుడగలు నెగటివ్. కొత్తగా నేర్చుకున్నవాళ్లు ప్రతి తెలుపునీ పాజిటివ్ అంటారు. అలసిపోయినవాళ్లు ఏదీ కాదంటారు. అందుకే మొదటి నెలల్లో అనుభవమున్న గైనకాలజిస్టు పక్కన ఉండాలి.

వాడిన స్పెక్యులమ్‌లని లీటరు నీటికి 15 గ్రాముల బ్లీచింగ్ పౌడరు కలిపిన నీళ్లలో 10 నిమిషాలు ఉంచి, సబ్బుతో కడిగి, ఆటోక్లేవ్ చేయండి, వీలు లేకపోతే 20 నిమిషాలు మరగబెట్టండి. బ్లీచింగ్‌లో గంటల తరబడి వదిలేస్తే తుప్పు పడతాయి. 30 మందికి 30 పట్టుకెళ్తే ఆ తొందరే ఉండదు.

లోపలి పరీక్షకి ఒప్పుకోనివాళ్లకి

హెచ్‌పీవీ డీఎన్‌ఏ పరీక్షకి నమూనాని మహిళ తానే తీసుకోవచ్చు. 30 ఏళ్లు దాటినవాళ్లకి మొదటి పరీక్షగా దీన్నే ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో సూచించింది. నెగటివ్ వస్తే అయిదు నుంచి పదేళ్ల వరకు మళ్లీ అక్కర్లేదు. సిగ్గు, మగ సిబ్బంది భయం, వేళ, మూడింటికీ ఇది విరుగుడు. చేతులు కడుక్కుని, బ్రష్ కొనని వేలితో తాకకుండా, వేలి పొడవు మేర లోపలికి పోనిచ్చి, కిట్ మీద చెప్పినన్నిసార్లు తిప్పి, గొట్టంలో పెట్టి మూత బిగించాలి. ముందు ఒక బొమ్మ మీద చేసి చూపించండి, తర్వాత ఆమెని ఒంటరిగా వదలండి. గొట్టం మీద పేరు, నంబరు ఆమె ముందే రాయండి. నలుగురి గొట్టాలు బల్ల మీద పెట్టుకుని తర్వాత రాద్దామనుకుంటే కలిసిపోతాయి. ల్యాబుకి ఎన్ని రోజుల్లో, ఎంత చల్లదనంలో చేరాలన్నది కిట్‌ని బట్టి మారుతుంది, కొండ దిగే బండి ఉన్న రోజుకే నమూనాలు తీయండి. పాజిటివ్ వస్తే మాత్రం మూతిని కంటితో చూడక తప్పదు, ఆ మాట మొదటే చెప్పాలి.

తేడా ఉందని తేలాక

ఫలితం ఆమెకే, విడిగా, కూర్చోబెట్టి చెప్పండి. ఫోనులో చెప్పకండి, ఇంట్లో ఒకే ఫోను ఉంటుంది, ఎత్తేది మగవాళ్లు. థర్మల్ అబ్లేషన్ అయినామెకి నాలుగు వారాల దాకా నీళ్లలాంటి స్రావం అవుతుందని, అన్నాళ్లూ కలయిక వద్దని చెప్పండి. భర్తకి ఆ మాట చెప్పడం ఆమెకి కష్టమైతే, ఆమె ఒప్పుకుంటే మీరే చెప్పండి. జ్వరం, దుర్వాసన, గడ్డలుగా రక్తం వస్తే వెంటనే రావాలి.

నగరానికి పంపాల్సినవాళ్ల విషయంలో మొదటి చిక్కు కాగితాల దగ్గరే. ఆధార్‌లో ఒక పేరు, రేషన్ కార్డులో మరో పేరు ఉంటే డాక్టర్ ఎన్టీఆర్ వైద్య సేవ కింద అనుమతి ఆగుతుంది. ఊళ్లో ఉండగానే రెండూ సరిచూసి, తేడా ఉంటే సచివాలయంలో సరిచేయించండి. ఒడిశా కార్డులున్నవాళ్లకి మన రాష్ట్ర పథకం వర్తించదు. ఆయుష్మాన్ భారత్ కార్డు ఉందేమో చూసి, ఆసుపత్రిలో చెల్లుతుందో లేదో ముందే అడగండి. 2025 ఆగస్టు 15న మొదలైన స్త్రీ శక్తి పథకంలో పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ లాంటి ఆర్టీసీ బస్సుల్లో మహిళలకి టికెట్ లేదు, ఆధార్ దగ్గర ఉంచుకోమనండి. తోడు వచ్చే మగమనిషి ఛార్జీ, ఇద్దరి కూలీ, తిండి మాత్రం అలాగే ఉంటాయి. బస్సు ఎక్కే చోటి దాకా కొండ దారి నడక కూడా లెక్కలో ఉంచండి.

మొదటిసారి ఒక మనిషి తప్పనిసరిగా వెంట వెళ్లాలి. ఓపీ చీటీ, కౌంటరు, ల్యాబు, మళ్లీ కౌంటరు తిరుగుతూ, భాష రాక, ఎవరో కసిరితే, ఆమె గేటు దగ్గరి నుంచే వెనక్కి పోతుంది. కులం పేరు చూసి, చేసే పని చూసి తేలిగ్గా మాట్లాడే చోట్లు ఇంకా ఉన్నాయి. పక్కన గుర్తింపు కార్డుతో ఒక ఆశా కార్యకర్త నిలబడితే ఆ మాటలు తగ్గుతాయి.

కేన్సరే అని తేలి రేడియేషన్ చెబితే, వారానికి అయిదు రోజుల చొప్పున సుమారు అయిదు వారాలు, ఆపైన లోపలి నుంచి ఇచ్చే రేడియేషన్. మొత్తం ఎనిమిది వారాల్లో పూర్తవ్వాలి, మధ్యలో ఆగిన ప్రతి వారం నయమయ్యే అవకాశాన్ని తగ్గిస్తుంది. మన్యం నుంచి వచ్చినవాళ్లు మూడో వారంలో వెళ్లిపోవడానికి కారణం జబ్బు కాదు, బస. పిల్లలు, మేకలు, నాట్లు ఊళ్లో ఉంటాయి. అందుకని మొదటి రోజే రెండు నెలల బస ఎక్కడో, ఇంట్లో పిల్లల్ని ఎవరు చూస్తారో, తోడు మనిషి ఎన్నాళ్లకోసారి మారాలో కాగితం మీద రాసి, ఆసుపత్రి సామాజిక కార్యకర్తకి ఒక కాపీ ఇవ్వండి.

రిజిస్టరు రెండు భాగాలుగా ఉంచండి. అందరికీ కనిపించే దానిలో పేరు, బీపీ, షుగర్. తాళం వేసిన దానిలో నంబరు, ఫలితం, ఎక్కడికి పంపారు, చేరారా, చికిత్స అయిందా, మళ్లీ ఎప్పుడు చూడాలి. చికిత్స అయినవాళ్లని 12 నెలలకి మళ్లీ చూడాలి, ఆ తేదీని పండుగ పేరుతో చెబితే గుర్తుంటుంది. పంపిన మహిళ రెండు వారాల్లో ఆసుపత్రి చేరకపోతే ఇంటికి వెళ్లి, తిట్టకుండా, ఏది అడ్డమొచ్చిందో అడిగి ఆ గడిలో ఆమె మాటల్లోనే రాయండి. “ఆసక్తి లేదు” అని రాయకండి. తర్వాతి శిబిరం వేళ, చోటు, మనుషుల్ని మార్చడానికి పనికొచ్చేది ఆ గడిలో ఉన్న మాటే.